ఆరువందల మంది కన్నా ముందు ఆ ఒక్కడు

పల్నాడు వైపు నుంచి ఒక అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. ఇరవై మూడేళ్ళవాడు. పేరు, ఊరు, కాలేజీ వేయొద్దన్నాడు. గుర్తుపట్టడానికి వీలున్న మరికొన్ని వివరాలు నేనే మార్చాను. రూళ్ళ కాగితాలు ఐదు, రెండు వైపులా రాశాడు. అందులో ముఖ్యమైనది చెబుతాను.

నాన్న మిరప రైతు. నాలుగెకరాలు సొంతం, ఆరెకరాలు కౌలు. అబ్బాయి ఇంటర్ దాకా బాగా చదివి ఇంజినీరింగ్‌కి ఊరు వదిలాడు. మొదటి ఏడాది రెండో సెమిస్టర్‌లో ఒక సీనియర్ పుట్టినరోజు రాత్రి, రూమ్‌లో చుట్టూ తిరుగుతున్న గంజాయి సిగరెట్టు ఇతని చేతికీ వచ్చింది. మొదటిసారి దగ్గు తప్ప ఏమీ తెలియలేదట. మూడోసారికి హాయి తెలిసింది. శని, ఆదివారాలతో మొదలైనది రెండో ఏడాది చివరికి పళ్ళు తోముకోకముందే కావాల్సి వచ్చింది. పదకొండు సబ్జెక్టులు పోయాయి. సప్లీ ఫీజుకని ఇంట్లో తీసుకున్న డబ్బు పొట్లాలకు పెట్టాడు. ఫోను ఎవరో కొట్టేశారని రెండుసార్లు ఇంట్లో చెప్పాడు, రెండుసార్లూ తనే అమ్ముకున్నాడు. "నాన్న యార్డు నుంచి నేరుగా హాస్టల్‌కొచ్చి డబ్బులిచ్చి వెళ్ళేవాడు మేడమ్. నోట్లకు మిరప ఘాటు ఉండేది, లెక్కపెడుతుంటే తుమ్ములొచ్చేవి" అని రాశాడు.

మూడో ఏడాదిలో భయాలు పట్టుకున్నాయి. పక్క రూమ్ వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫ్యాన్‌లో ఏదో అమర్చారని. రెండు రోజులు తలుపు తీయకపోతే వార్డెన్ ఇంటికి ఫోన్ చేశాడు. నాన్న వచ్చి గడియ విరగ్గొట్టి తీసుకెళ్ళాడు. ఎవరో చెబితే ముందు ఒక ప్రైవేటు సెంటరులో చేర్చారు. అక్కడ మొదటి మూడు రాత్రులు చేతులు మంచానికి కట్టేశారు. నెల తర్వాత బయటికొచ్చాడు, పదో రోజున మళ్ళీ తాగాడు. ఆ తర్వాత ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. భయాలకు మందులు, వారం వారం కౌన్సెలింగ్. అప్పటినుంచి ఇప్పటికి పద్నాలుగు నెలలు, ముట్టలేదు. ఊళ్ళో ఎరువుల కొట్లో లెక్కలు రాస్తూ, మిగిలిపోయిన నాలుగు సబ్జెక్టులకు చదువుకుంటున్నాడు.

ఈమధ్య కాలేజీ ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. జూన్ 26న మత్తుపదార్థాల వ్యతిరేక దినం, పోలీసు అధికారులు వస్తున్నారు, ఆరువందల మంది పిల్లలుంటారు, "పది నిమిషాలు నీ కథ చెప్పు, మేం చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు" అన్నారు. వీడియో తీసి కాలేజీ ఛానెల్‌లో పెడతారట. అబ్బాయికి వెళ్ళాలని ఉంది. నాన్న ససేమిరా అన్నాడు. చెల్లికి సంబంధం మాట్లాడుతున్నారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుద్దిరా" అన్నాడట. "టిక్కీలో పైన నాలుగు తాలుకాయలు కనబడితే చాలు, బస్తా మొత్తం తాలు రేటుకే అడుగుతారు" అని కూడా అన్నాడట. అమ్మ ఏమీ అనలేదు.

"నోరు మూసుకుంటే పిరికివాణ్ణి. నోరు విప్పితే చెల్లి బతుకు చెడగొట్టినవాణ్ణి. పదో తారీఖులోగా ప్రిన్సిపాల్ గారికి చెప్పాలి. వెళ్ళనా వద్దా, ఒక్క మాటలో చెప్పండి" అని ముగించాడు.

*

బాబూ, నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. మా చిన్నవాడి కంటే చిన్నవాడివి.

ఒక్క మాటలో చెప్పమన్నావు, చెప్పలేను. పై సారాంశంలో నేను కావాలని ఒక సంగతి వదిలేశాను. నాలుగో కాగితం వెనక, అట్టడుగున, పెన్ను మార్చి రాసిన మూడు వాక్యాలు. "నా కింద బ్యాచ్‌లో ఒకడికి మొదటిసారి నేనే ఇచ్చాను. అన్నా అన్నా అని వెంట తిరిగేవాడు. ఇప్పుడు కాలేజీ మానేశాడంట, మాత్రలు కూడా వేస్తున్నాడంట." అంతే. పేజీ తిప్పితే మళ్ళీ ప్రిన్సిపాల్ గారి సంగతి. ఐదు కాగితాల్లోనూ నిన్ను నిద్రపోనివ్వనిది ఆ మూడు వాక్యాలేనని నాకు అనిపిస్తోంది. స్టేజీ ఎక్కాలన్న నీ తపనలో సగం అక్కణ్ణుంచే వస్తోంది. ఆరువందల మందికి చెబితే ఆ ఒక్కడి బాకీ తీరుతుందని లోపల ఎక్కడో లెక్క వేసుకున్నావు. ఎరువుల కొట్లో లెక్కలు రాసేవాడివి, ఒకరి ఖాతాలో బాకీ ఇంకొకరి ఖాతాలో జమ చేస్తే తీరదని నీకు నేను చెప్పాలా?

ఆ కుర్రాడి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు సదస్సు.

అలాంటి సదస్సులు నేను చాలా చూశాను. జూన్ 26ను ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించింది. అప్పట్నుంచీ ఏటా ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫ్లెక్సీ. బయటపడ్డ కుర్రాడొకడు వచ్చి గొంతు పూడుకుపోతూ చెబితే మిగతా పిల్లలు భయపడి దాని జోలికి పోరని అందరం అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఐక్యరాజ్యసమితి మత్తుపదార్థాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో రెండో కూర్పుగా తెచ్చిన నివారణ ప్రమాణాలు చదివాక ఆ నమ్మకం సడలింది. బడుల్లో ఫలితం ఇవ్వనివి, ఒక్కోసారి బెడిసికొట్టేవి అని అందులో కొన్నిటిని చెప్పారు. ఉత్త ఉపన్యాసాలు, భయపెట్టడం, మాజీ వ్యసనపరుల చేత అనుభవాలు చెప్పించడం, మూడూ వాటిలో ఉన్నాయి. చదివినప్పుడు నాకు కష్టంగానే అనిపించింది. నీకూ అనిపిస్తుంది.

హాల్లో కూర్చున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడి కళ్ళతో చూడు. వీడు మూడేళ్ళు తాగాడు, మానేశాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు, ప్రిన్సిపాల్ భుజం తడుతున్నాడు. అంటే కావాలనుకుంటే మానెయ్యొచ్చన్నమాట! వెనక వరసలో ఇప్పటికే తాగుతున్నవాడు ఇంకోలా వింటాడు: నాకు ఫ్యాన్‌లో ఏమీ కనబడటం లేదు కదా, నాకేం కాలేదు. ఇక ఎన్నడూ ముట్టనివాళ్ళు, అసలు ఎక్కువమంది వాళ్ళే, మన కాలేజీలో అందరూ కొడుతున్నారు కాబోలు అనుకుంటారు. నిజానికి ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. ఏడాదిలో ఒక్కసారైనా గంజాయో చరసో భంగో వాడినవాళ్ళు, పదేళ్ళ నుంచి డెబ్బై అయిదేళ్ళ లోపు జనాభాలో 2.8 శాతం. నూటికి ముగ్గురు కూడా లేరు. హాస్టళ్ళ లెక్క వేరుగా ఉండొచ్చు, ఎంత వేరైనా 'అందరూ' అన్న మాట అబద్ధం. నీకు ఆ పుట్టినరోజు రాత్రి ఆ అబద్ధమే కదా కొంప ముంచింది.

ఇంకో సంగతి నీ మేలు కోరి చెబుతున్నాను. కథ చెప్పడమంటే ఆ రూమ్‌లోకి మళ్ళీ వెళ్ళడమే. కాగితం చుట్టిన చప్పుడు, వాసన, మూడోసారి వచ్చిన ఆ హాయి, ఇవన్నీ చెప్పకుండా పది నిమిషాలు నిండవు. అదే గేటు, అదే టీ కొట్టు, అదే సందు. చప్పట్లు అయిపోయాక, సార్లు కార్లెక్కి వెళ్ళిపోయాక, సాయంత్రం బస్సు దొరికేదాకా ఆ ఊళ్ళో నువ్వు ఒంటరిగా ఉంటావు. పద్నాలుగు నెలలు చిన్న సంగతి కాదు, కానీ చూసిన చోటు, పీల్చిన వాసన మెదడులో పాత దారిని ఒక్క క్షణంలో తెరుస్తాయి. ఇది నీ మనోబలం మీద అనుమానం అనుకోకు. మీ డాక్టర్ గారూ ఇదే చెబుతారు.

పైగా ఒకసారి 'మారిన మనిషి' అని పదిమందిలో పేరు పడ్డాక జారిపడితే చెప్పుకోవడం కష్టం. సెంటరు నుంచి వచ్చిన పదో రోజున జారావు. అప్పుడు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కగలిగావు. యూట్యూబ్‌లో నీ మొహం తిరుగుతుంటే అంత తొందరగా ఎక్కగలిగేవాడివా?

అయితే నీ అనుభవం ఎందుకూ పనికిరాదా? చాలా పనికొస్తుంది, కాకపోతే చోటు వేరు. పోలీసు అధికారికి, నాకు, మీ ప్రిన్సిపాల్ గారికి తెలియనివి నీకు నాలుగు తెలుసు. మొదటి సిగరెట్టు గేటు బయట ముసుగేసుకున్నవాడు ఇవ్వడు, భుజం మీద చెయ్యేసే సీనియర్ ఇస్తాడు. ఆ రాత్రి 'నాకు పడదన్నా, నేను టీకి వెళ్తున్నా' అని లేచిపోయినవాడు ఒకడు ఉండే ఉంటాడు, వాడితో స్నేహం ఎవరూ మానలేదు. శని, ఆదివారం పోయి బుధవారం కూడా వచ్చిన వారం ఏదో నీకు గుర్తుంది. ఆ వారంలో ఎవరికి ఫోన్ చేసి ఉంటే బాగుండేదో కూడా నీకు తెలుసు. ఇవి పదిహేను మంది కూర్చున్న గదిలో, కాలేజీ కౌన్సెలరో మీ డాక్టరో పక్కనుండగా, పిల్లలు ప్రశ్నలడుగుతుంటే చెప్పాల్సినవి. తల్లిదండ్రుల సమావేశంలో అయితే ఇంకా విలువ. ఫోను రెండోసారి పోయిందంటే ఏం అడగాలో, ఎలా అడగాలో ఏ పుస్తకమూ వాళ్ళకు చెప్పదు.

ఇక మీ నాన్నగారు. ఉత్తరం నిండా ఆయన పరువు కోసం పాకులాడే మనిషిలా కనిపించాడు, నీ రాతలో. నాకు మాత్రం నోట్లకంటిన ఘాటు కనిపించింది. గడియ విరగ్గొట్టింది ఆయనే. ఆసుపత్రి వరండాలో పడుకున్నదీ ఆయనే అని ఒక చోట రాశావు. ఈ కథ నీ ఒక్కడిదే అనుకుంటున్నావు కానీ ఇందులో ఆయన కౌలు డబ్బు ఉంది, మీ అమ్మ మౌనం ఉంది. నువ్వు మైకులో 'నాన్నను మోసం చేశాను' అన్నప్పుడు ఆరువందల మంది ముందు మోసపోయినవాడు ఆయనే. ఆ మాట అనడానికి ఆయన్ను అడగాలా వద్దా? తాలుకాయ మాట నిన్ను గుచ్చింది, తెలుసు. ఏ తండ్రీ అనకూడని మాటే. కళ్ళంలో కూర్చుని కాయలు ఏరే మనిషికి నోట్లో ఆ పోలికే తిరుగుతుంది, అంతకు మించి దాని లోతు వెతక్కు.

నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. ఐదు కాగితాల్లో మీ చెల్లి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె పెళ్ళి గురించి నువ్వు భయపడుతున్నావు, నాన్న భయపడుతున్నాడు, ఆమెను ఎవరైనా అడిగారా? అన్న సంగతి అవతలివాళ్ళకు చెప్పి చేసుకుంటానంటుందా, పెళ్ళయ్యాక తనే చెప్పుకుంటానంటుందా, దాచమంటుందా, ఆమెకే తెలియాలి. దాచి చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మన జిల్లాల్లో అబ్బాయి తరఫువాళ్ళు ఆరా తియ్యకుండా ముహూర్తం పెట్టరు. హాస్టల్ గడియ విరిగిన కబురు ఎప్పటికో ఒకప్పటికి చేరుతుంది, చేరిన రోజున మాటలు పడేది నువ్వు కాదు, ఆమె. ముందే చెబితే సంబంధం తప్పిపోవచ్చు. అన్నకు జబ్బు చేసి నయమైందని వెనక్కి తగ్గేవాళ్ళు, ముందే తగ్గడం మేలని నా అభిప్రాయం. కానీ అది నా అభిప్రాయం, నాకు పెళ్ళి కావలసిన కూతుళ్ళెవరూ లేరు. ఎప్పుడు, ఎవరితో, ఎంతవరకు చెప్పాలో ఆమె చేతిలో ఉండాలి. నీ వీడియో ఛానెల్‌లో పడిన నిమిషంలో ఆ అవకాశం ఆమె చెయ్యి జారిపోతుంది. ఒకసారి పెట్టినది తీసేయించడం మన వల్ల కాదు, ఎవడో ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పుతూనే ఉంటాడు.

అంచేత దారులు ఇలా కనిపిస్తున్నాయి నాకు.

ఇవన్నీ విన్నాక కూడా జూన్ 26న వెళ్ళాలనే అనుకుంటే వెళ్ళు, నువ్వు పెద్దవాడివి. అలాగైతే ముందు చెల్లితో, అమ్మానాన్నలతో మాట్లాడు. వాళ్ళు ఒప్పుకోకపోయినా, వీడియోలో చూసి కాకుండా నీ నోటి నుంచే వినాలి. ప్రిన్సిపాల్ గారికి షరతులు పెట్టు: రికార్డింగు వద్దు, ఫోటో వద్దు, మైకు తర్వాత సైకియాట్రిస్టు మాట్లాడాలి, ఆ రోజే ఎవరైనా సాయం అడిగితే కూర్చోబెట్టడానికి ఒక గది, ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. ఈ షరతులకు ఆయన 'అబ్బే, కుదరదు' అన్నారంటే ఆ సదస్సు ఎవరి కోసమో నీకే అర్థమవుతుంది. ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు, ఎలా చుడతారు అన్నవి నోట రానీకు. నీ స్నేహితుల పేర్లు అసలే వద్దు. అమ్మేవాళ్ళ గురించి చెప్పాలని ఉంటే దానికి ఆంధ్రలో మత్తుపదార్థాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగం వాళ్ళ 1972 నంబరుంది. అది వేరే పని, స్టేజీ మీద చేసేది కాదు.

చట్టం మాట కూడా వినాలి. ఒకప్పుడు తాగాను అని చెప్పడం వేరు, ఫలానావాడికి నేనే ఇచ్చాను అని చెప్పడం వేరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల చట్టం, వాడినవాణ్ణి ఒకలా, ఇంకొకరికి చేరవేసినవాణ్ణి ఇంకోలా చూస్తుంది. డబ్బు తీసుకోలేదు కదా అన్నది నీ మనసుకు ఊరటేమో, కేసుకు కాదు. ముందు వరసలో పోలీసులు, చేతుల్లో కెమెరాలు. గుండె భారం దించుకోవడానికి అది చోటు కాదు. ఆ విషయం ఎవరితోనైనా బయటపెట్టే ముందు ఒక లాయరుతో అరగంట కూర్చో.

పేరు లేకుండా చెప్పే దారి ఒకటుంది. నార్కోటిక్స్ అనానిమస్ వాళ్ళది, మత్తు మానాలనుకునేవాళ్ళు కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం. 1953లో అమెరికాలో కాలిఫోర్నియాలో మొదలైంది, మన హైదరాబాద్‌లోనూ సమావేశాలు జరుగుతాయి, ఫోన్‌లో ఆన్‌లైన్‌గానూ కలవొచ్చు. తను బాగుపడ్డాక ఇంకా అందులోనే ఉన్నవాడికి ఆ కబురు అందించడం వాళ్ళ పద్ధతిలో చివరి మెట్టు. అయితే పత్రికలు, రేడియో, సినిమాల ముందు మాత్రం ఎవరూ పేరు, మొహం బయటపెట్టకూడదన్నది వాళ్ళ నియమం. రెండూ ఒకే చోట ఉండటం చూశావా? చెప్పాలి, పేరు మాత్రం అక్కర్లేదు. అంతమంది పడి లేచి నేర్చుకున్న జాగ్రత్త అది. నువ్వు పిరికివాడివైతే వాళ్ళంతా పిరికివాళ్ళే.

ఇప్పటికి వద్దని, సబ్జెక్టులు పూర్తి చేసి, చెల్లి పెళ్ళి అయ్యాక, ఇంకో ఏడాది గడిచాక చెబుతానన్నా తప్పులేదు. గంజాయి వచ్చే ఏడాదికి ఎక్కడికీ పోదు, అదే బాధ. అప్పటికీ వినాల్సినవాళ్ళు ఉంటారు. ఇందులో ఉన్న చిక్కల్లా ఒకటే: వాయిదా వేస్తున్నానన్న అపరాధ భావం నిన్ను లోపల తినొచ్చు. దాన్ని డాక్టర్ గారి దగ్గర దించు, దాచుకోకు.

ఇక నీ కింద బ్యాచ్ తమ్ముడు.

నీ ఉత్తరంలో తొందరపడాల్సింది ఏదైనా ఉంటే ఇదే. గంజాయి వరకైతే నీకు తెలిసిందే. మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి చావడం మొదలవుతాయి, మొదటి వారం గడ్డు, రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి, పిచ్చి కలలు మాత్రం ఇంకొన్నాళ్ళు వేధిస్తాయి. కానీ 'మాత్రలు' అని రాశావు. ఏ మాత్రలో తెలియాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలైతే ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు విరిచేసే నొప్పులు, విరేచనాలు, చలి చెమటలు. ఆ మాత్ర ఎక్కువ మోతాదులో వేస్తే ఫిట్స్ రావచ్చు కూడా. 2018లోనే దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. నిద్రమాత్రలు నెలల తరబడి వేసినవాడు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ భయం ఇంకా ఎక్కువ. కాబట్టి 'మగాడివైతే రేపట్నుంచి మానెయ్' అనే మాట వాడితో ఎవరూ అనకూడదు, నువ్వూ అనొద్దు. నొప్పి మాత్రలకు, ఇంజెక్షన్లకు డాక్టర్లు ఇచ్చే మందులున్నాయి, మెల్లగా దించుతారు. ఇంకోటి. కొన్నాళ్ళు మానినవాడు మళ్ళీ పాత మోతాదే వేస్తే శరీరం తట్టుకోదు. ప్రాణాలు పోయే ప్రమాదం బాగా పెరిగేది అప్పుడే. ఈ ముక్క వాడికీ వాడి ఇంట్లోవాళ్ళకూ తెలియాలి.

నువ్వు వెళ్ళడమా? ఒంటరిగా వద్దు, వాడి రూమ్‌కి అసలే వద్దు. వాడు నిన్ను చూసిన సంతోషంలో 'అన్నా, ఒక్కటి' అని చేతికిస్తే ఏం చేస్తావో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ముందు డాక్టర్ గారికి ఈ మూడు వాక్యాలు చూపించు. పద్నాలుగు నెలలుగా ఆయనతో మాట్లాడుతున్నావు, ఇది చెప్పావా? చెప్పి ఉండవని నా ఊహ. ఆయన దగ్గర చెప్పింది ఆయన దగ్గరే ఉంటుంది, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను నీ హక్కుగా రాసింది, మత్తు వ్యసనం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. తర్వాత ఫోన్. బాగా పొద్దున, వాడు తేరుకుని ఉండే వేళ. 'నేను పాడు చేశాను, క్షమించు' అని మొదలుపెట్టావనుకో, వాడు నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. అది వాడికి ఇంకో బరువు. 'ఎలా ఉన్నావురా, తింటున్నావా' అని అడుగు. నీ ఫ్యాన్ సంగతి చెప్పు. వార్డు సంగతి చెప్పు, మంగళవారం ఓపీకి వస్తే నేను గేటు దగ్గరుంటానను. క్షమాపణ తర్వాతైనా చెప్పుకోవచ్చు, వాడు వినగలిగే స్థితికి వచ్చాక.

ఫోన్ కట్ చేయొచ్చు. తిట్టొచ్చు. 'నీ వల్లే' అనొచ్చు. వినాలి, అంతే. రెండు వారాలాగి మళ్ళీ చెయ్యి. వాడికి పోలీసు భయం ఉంటుంది, అప్పుడు ఒకటి చెప్పు: వ్యసనంలో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తి చేస్తే, వాడకానికి, చిన్న మొత్తానికి సంబంధించిన కేసులో విచారణ నుంచి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. నీతో మాట్లాడనంటే 14446 ఉంది, వ్యసనాల కోసమే పెట్టిన జాతీయ నంబరు. రాత్రివేళ మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. రెండూ ఉచితం. ఆ నంబర్లు వాడికి పంపు, వాడి అమ్మకు కూడా.

వాడి ఇంట్లోవాళ్ళకు నువ్వు చెప్పాలా అన్నది కష్టమైన ప్రశ్న. మాత్రల సంగతి వాళ్ళకు తెలియకపోతే వాడు నిన్ను అసహ్యించుకున్నా చెప్పాలనే నా మనసు. అయితే చెప్పగానే వాళ్ళు కంగారులో మీ నాన్న చేసిన పనే చేసే ప్రమాదం ఉంది. నీ చేతులు కట్టేసిన ఆ సెంటరు పేరు రాశావు, నేను వేయను. కానీ వాళ్ళకు నువ్వు ఈ మాట చెప్పగలవు: గొలుసులు వేయడం మన చట్టంలో పూర్తి నిషేధం, కట్టి ఉంచడమన్నది తక్షణ ప్రమాదం తప్పించడానికి ఇంకో దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే. సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, ఇంటివాళ్ళు చూడొచ్చా అని అడిగి చేర్చండని చెప్పు. మూడు రాత్రులు కట్టుబడినవాడు చెబితే ఆ మాటకు బరువుంటుంది.

ప్రిన్సిపాల్ గారికి పదో తారీఖులోగా ఏం చెప్పాలన్నది మిగిలింది. వెళ్ళకూడదని తేల్చుకుంటే పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. 'సార్, జూన్ 26న రాలేను. ఆగస్టులో ఫస్టియర్ పిల్లలు హాస్టల్‌లో చేరాక, పదిహేను మందికి మించకుండా, కౌన్సెలర్ సమక్షంలో, కెమెరా లేకుండా అయితే మాట్లాడతాను' అని ఒక మెసేజ్ పెట్టు. ఈలోపు ఇంట్లో, అన్నం దగ్గర కాకుండా, చెల్లి ఒక్కతే ఉన్నప్పుడు కూర్చుని అడుగు. మీ అమ్మను కూడా. ఏమీ అనలేదని రాశావు, ఏమైనా అనడానికి ఆమెకు ఎవరైనా చోటిచ్చారో లేదో చూడు.

ఎల్లుండి మంగళవారం. ఆ మూడు వాక్యాలు మళ్ళీ ఒక కాగితం మీద రాసి, జేబులో పెట్టుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళు.